ముప్పై రెండు రిమోట్లు

కుంకుడుకాయ నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన బట్టతో పదకొండో రిమోట్ తుడుస్తున్నాను. వాకిట్లో నీడ ఉన్నంతమేర గోనెపట్టా పరిచి, తుడిచినవి ఎడమవైపు, తుడవాల్సినవి కుడివైపు పెట్టుకున్నాను. బట్ట తడిగా ఉండాలి, నీరు మాత్రం కారకూడదు. సందులోంచి ఒక్క చుక్క లోపలికి పోయినా అక్కడి పల్చటి పొర పాడవుతుంది. కొమురమ్మ అత్త ఈ మాట నాకు మొదటి రోజు చెప్పింది. మళ్ళీ చెప్పలేదు. ఆమె ఏదీ రెండుసార్లు చెప్పదు.

అత్త మా నాన్నకు అక్క. చిలుకూరు బడిలో పదో తరగతి అయ్యాక ఇంటర్ చదవడానికి సూర్యాపేటలో ఆమె ఇంటికి వచ్చాను. ఇంటర్ అయి రెండేళ్ళు దాటినా ఇక్కడే ఉన్నాను. పని నేర్చుకుంటున్నానని మా ఇంట్లో అనుకుంటారు. నిజానికి నేను ఎక్కువసేపు ఆమె చేతుల వైపు చూస్తూ ఉంటాను.

రిమోట్ అంటే టీవీది కాదు. ప్లేస్టేషన్ మీద వీడియో గేమ్ ఆడేవాళ్ళు రెండు చేతులా పట్టుకునేది. రెండువేల మూడులో అత్త భర్త బీరన్న మామ పాత బస్టాండు వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుని, నాలుగు టీవీలు పెట్టి గేమ్ పార్లర్ తెరిచాడు. మా కురుమల్లో గొర్రెలు వదిలి అలాంటి పని పెట్టినవాడు అప్పటికి మామ ఒక్కడే. పిల్లలు బాగానే వచ్చేవారు. కాని ఓడిపోయినవాడు కోపంతో రిమోట్ నేలకేసి కొట్టేవాడు, గెలిచినవాడు సంతోషంతో కొట్టేవాడు. బాగుచేయించడానికి హైదరాబాదు పంపితే వారం పట్టేది. మామకు సద్ది తెచ్చే అత్త ఒకరోజు ఊరికే కూర్చోలేక, చెడిపోయినదాన్ని ఒకటి విప్పి చూసింది. కోడిని కోసినట్టే ఉన్నది, ఏది ఎక్కడుండాల్నో అక్కడ్నే ఉన్నది అన్నదట. ఆ తర్వాత ఆరేళ్ళు ఆ పార్లర్ నుంచి ఒక్క రిమోట్ కూడా హైదరాబాదు పోలేదు.

అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక పార్లర్ మూతపడింది. మామ మళ్ళీ గొర్రెల్లోకి వెళ్ళిపోయాడు. ఏడాదిలో సగం మంద వెంట నిడమనూరు వైపు, సాగర్ కాలువ కింద కోసిన పొలాల్లోనే ఉంటాడు. టీవీలు అమ్మేశారు. రిమోట్లు మాత్రం అత్త ట్రంకుపెట్టెలో దాచింది. ఎందుకని పక్కింటి ఉప్పలమ్మ అడిగితే, అమ్మితే ఇనుప సామానోడు కిలోకింత అని తూస్తడు, నాకు మనసొప్పలే అని చెప్పింది.

నేను వచ్చిన మరుసటి ఏడాది శ్రీనాథ్ సార్ ఈ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనకు హైదరాబాదులో పాత గేమ్ సామాన్ల దుకాణం ఉంది. చిన్నప్పుడు ఆడుకున్న వస్తువుల కోసం ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు వెతుకుతారట. అలాంటివి ఏమైనా ఉన్నాయా అని అడుగుతూ, ఇదిగో ఇలాంటిది అని తన సంచిలోంచి ఒకటి తీసి అత్త చేతికిచ్చాడు. అత్త దాన్ని రెండు అరచేతుల్లో పెట్టుకుని బరువు చూసింది.

“ఇది డూప్లికేట్ సారూ” అంది.

సార్ నవ్వాడు. ఎంతో నమ్మకమైన మనిషి దగ్గర కొన్నానని చెప్పాడు. అత్త వాదించలేదు. స్క్రూడ్రైవర్ తెచ్చి ఆయన ముందు పెట్టి టీ కాయడానికి లోపలికి వెళ్ళింది. ఆమె వచ్చేసరికి మంచం మీద రిమోట్ రెండు చిప్పలుగా విప్పి ఉంది. ఒరిజినల్ లోపల మెత్తగా వంగే పల్చటి ఫిల్మ్ ఉండాలి. ఇందులో ఆకుపచ్చ బోర్డు ఉంది. సార్ టీ అంతా తాగాడు. తర్వాత, మీకెలా తెలిసిందమ్మా అని అడిగాడు.

“చేతిలకు తీసుకుంటె తెలుస్తది సారూ. మీ ఇంట్ల దూడను మీరు చీకట్ల గుర్తుపట్టరా?”

సార్‌కు ఇంట్లో దూడ లేదు. అయినా తల ఊపాడు.

ఇలాంటి పాత వస్తువులు కొనేవాళ్ళకు స్క్రూ తిప్పిన జాడ ఉండకూడదట. ఒక్కసారి విప్పినా విలువ సగం పోతుంది. కాబట్టి విప్పకుండానే చెప్పగలిగినవాళ్ళు కావాలి. సార్‌కు అత్త దొరికింది. అప్పటి నుంచి అత్త మంచిదని తేల్చిన ప్రతి రిమోట్ తీగకూ గొంగడి నల్లదారం ఒక పోగు కట్టి పంపుతుంది. దారం ఉన్నదాన్ని సార్ మళ్ళీ చూడడు.

ఆమె చూసే తీరు నాకు ఇన్నేళ్ళయినా కొత్తగానే ఉంటుంది. ఒరిజినల్‌లో అదరడానికి రెండు మోటర్లు ఉంటాయి, ఎడమది పెద్దది, కుడిది చిన్నది. అందుకని అది ఎడమ చేతివైపు వెంట్రుకవాసి ఎక్కువ వాలుతుంది. డూప్లికేట్‌లో రెండూ ఒకే కొలతవి, కొన్నిట్లో ఒక్కటే. ఆ వెంట్రుకవాసి తేడా కోసం ఆమె కళ్ళు సగం మూసుకుంటుంది. తర్వాత పై చిప్ప, కింద చిప్ప కలిసే గీత వెంట బొటనవేలి గోరు చుట్టూ తిప్పుతుంది. మంచిదాని మీద గోరు ఎక్కడా ఆగదు. త్రికోణం, సున్నా బొమ్మలున్న గుండీల మీద వేలు పెట్టి, బొమ్మ లోపలిదా పైన అద్దిన రంగా అని తడుముతుంది. గుండీని చెవి దగ్గర పెట్టుకుని నొక్కుతుంది. ఇంగ్లిషు చదవడం ఆమెకు రాదు. ఒకసారి మాత్రం వెనక స్టిక్కర్ చూసి, ఈ రెండో అక్షరం కాలు మిగతావాటికన్న సన్నగున్నది అని పక్కన పెట్టింది. నాకు ఇంగ్లిషు వచ్చు. నేను ఆ స్టిక్కర్ మూడుసార్లు చదివి కూడా కాలు చూడలేదు.

ఇప్పుడు మా అన్న సంగతి చెప్పాలి. ధనుంజయ్ అన్న డిగ్రీ అయ్యాక మూడేళ్ళు పోలీసు సెలక్షన్లకు పరుగెత్తి, రెండుసార్లు కొలతల్లో అంగుళం తేడాతో వెనక్కి వచ్చాడు. ఖాళీగా ఉండలేక అత్త దగ్గర ఈ పని పట్టుకున్నాడు. కోదాడలో, మిర్యాలగూడలో మూతపడిన పార్లర్లవాళ్ళ ఇళ్ళు అడిగి అడిగి తెలుసుకుని, అటకల మీద నుంచి రిమోట్లు దింపించి తెచ్చేవాడు. తెచ్చినవన్నీ మంచివే. మొదట్లో అత్త ఒక్కొక్కటి చూసేది. తర్వాత తర్వాత, ధనుంజయ్ తెచ్చినయా, తుడిచి దారం కట్టెయ్ బిడ్డా అని నాకే చెప్పేది. ఆ మాట విన్న రోజు అన్న రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

శ్రీనాథ్ సార్‌కు దుకాణంలో ఒక మనిషి కావలసి వచ్చింది. కూర్చుని వచ్చిన వస్తువును చూసి మంచి చెడ్డ చెప్పే మనిషి. అత్తను అడిగాడు. అత్త అన్న పేరు చెప్పింది. అయితే ఒకసారి తనంతట తానుగా ముప్పై తెమ్మనండి, మీరు చూసి సరే అంటే ఆదివారం వచ్చి చేరమనండి అన్నాడు సార్. శుక్రవారం నాలుగింటికి ఫోన్ చేస్తానన్నాడు.

అన్న ముప్పై రెండు తెచ్చాడు. బుధవారం తెచ్చాడు, అత్త మామకు బియ్యం ఇవ్వడానికి నిడమనూరు పోయిన రోజు. నువ్వు తుడిచి దారం కట్టు, నేను శుక్రవారం మధ్యాహ్నం వస్త అని చెప్పి చిలుకూరు బస్సెక్కాడు. ఈ శుక్రవారం పొద్దున్నే అత్త తిరిగి వచ్చి స్నానానికి వెళ్ళింది. నేను వాకిట్లో కూర్చున్నాను.

మొదటి తొమ్మిది మామూలుగానే ఉన్నాయి. పదోది తుడుస్తుంటే బట్టకు ఏదో పసుపుపచ్చని జిడ్డు అంటుకుంది. మనిషి చేతి మురికి నల్లగా వస్తుంది, బొటనవేళ్ళు ఆనేచోట, అరచేయి ఒరిసేచోట గట్టిగా పేరుకుని ఉంటుంది, మిగతా చోట్ల ఉండదు. ఇది అంతటా ఒకేలా ఉంది. తీగ లోపలికి దూరే సందులో కూడా ఉంది, అక్కడ ఎవరి వేలూ పోదు. పదకొండోది కూడా అంతే. గోరువెచ్చని నీళ్ళు తగిలేసరికి వాసన లేచింది.

నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన వాసన. కత్తిరించిన గొర్రె బొచ్చును కడగకుండా సంచుల్లో కుక్కితే వచ్చే వాసన. చిలుకూరులో మా ఇంటి వెనక కొట్టంలో ఎండాకాలం కత్తిరింపు అయి పది రోజులైంది. సంచులు ఇంకా అక్కడే ఉన్నాయి.

అన్న కొత్త డూప్లికేట్లు కొని, పాతవాటిలా కనబడాలని బొచ్చు సంచుల్లో పెట్టి నలిపాడు. జిడ్డు పట్టింది, మెరుపు పోయింది. కంటికి నిజంగా పదేళ్ళ వస్తువులే. పట్నంలో ఎవరికీ తెలియదు. గొర్రెల మధ్య పెరిగినవాడికి ఆ వాసన ముక్కుకు తగలదు, అన్నకు తగల్లేదు. నాలుగేళ్ళుగా ఊరికి దూరంగా ఉన్నాను కాబట్టి నాకు తగిలింది.

నేను ఆ పదకొండోదాన్ని చాలాసేపు తుడిచాను. దారం ఉండ నా పక్కనే ఉంది. కట్టేస్తే ఆదివారం అన్నకు ఉద్యోగం. కట్టకపోతే అత్త అడుగుతుంది, నేను చెప్పాలి. కట్టనూ లేదు, లేవనూ లేదు.

అత్త తల తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడింది. ఎన్ని అయినయ్ అని అడగబోయి ఆగింది. వంగి నా చేతిలోది తీసుకుంది. అరచేతుల్లో పెట్టుకుంది. గోరు తిప్పింది. నాకు తెలిసిన ఆ వరుసంతా చేసింది, కాని వాసన చూడలేదు. అవసరం లేకపోయింది. తడి జుట్టు ముఖం మీద పడుతున్నా పక్కకు తోసుకోకుండా అట్లాగే నిలబడింది.

“నీకు తెలిసింది గదా బిడ్డా” అంది.

“తెలిసింది అత్తా.”

“దారం కట్టినవా?”

“కట్టలే.”

ఆమె మంచిపని చేశావనీ అనలేదు, ముందే ఎందుకు చెప్పలేదనీ అడగలేదు. మిగతావి తుడవొద్దని చేత్తో చూపించి, పట్టా నాలుగు మూలలూ పట్టుకుని అన్నిటినీ లోపలికి తెచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుని ముప్పై రెండూ ఒక్కొక్కటే చూసింది. తీసినచోటే మళ్ళీ పెట్టింది. దేన్నీ విడదీయలేదు. తర్వాత వాటన్నిటినీ కలగలిపి, మామ పెద్ద గొంగడి తెచ్చి నేల మీద పరిచి, నడిమధ్యన కుప్పగా పోసింది.

గొంగడి పరిచినప్పుడు నాకు అర్థమైంది. మా తాత మందలో ఒక పద్ధతి ఉండేదని నాన్న చెప్పేవాడు. కాలువగట్టు మీద రెండు మందలు కలిసిపోయి, విడదీశాక ఎవడో పక్కవాడి గొర్రెలు కలుపుకున్నాడని అనుమానం వస్తే, పెద్దమనిషి ఆ మందలో చెయ్యి పెట్టడు. దొంగ అనే మాట ఎత్తడు. గొంగడి మీద కూర్చుని, అనుమానం ఎవరి మీదో వాడినే పిలిచి, నీవేవో నువ్వే ఏరు అంటాడు. ఏరేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు.

అన్న ఒంటిగంట దాటాక వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. కోదాడ బస్సులో నిలబడి వచ్చానని, చెమటకు ఇస్త్రీ పోయిందని నవ్వుతూ చెప్పులు విప్పాడు. గడప లోపలికి అడుగుపెట్టి గొంగడి చూశాడు. నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

“కూసో అల్లుడా” అంది అత్త. “మంచియి ఎడమదిక్కు పెట్టు, కానియి కుడిదిక్కు పెట్టు. నీ చేత్తోనే ఏరు.”

“నువ్వు సూడలేదా అత్తా?”

“నేను సూసిన. నువ్వు ఏరు.”

అన్న కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కుప్పను చూస్తూ ఉండిపోయాడు. అతని ముందున్న రెండు దారులూ ఎక్కడికి పోతాయో నాకు కనిపించింది. తెలియనట్టు తప్పుగా ఏరితే, మంచి చెడ్డ తెలియనివాడికి ఆ దుకాణంలో పని లేదు. సరిగ్గా ఏరితే, తెలిసే తెచ్చాడని తన చేతులే చెబుతాయి. అత్త ఇదంతా ఆలోచించి చేసిందో, మంద పద్ధతి కాబట్టి చేసిందో నాకు తెలియదు. ఒక్క కఠినమైన మాట లేకుండా, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఆమె ఆ మనిషి తన ఎదుట తానే నిలబడేలా చేసింది. అన్న మీద జాలి పడాల్సిన ఆ సమయంలో కూడా నేను అత్తనే చూశాను.

అన్న మొదటిది తీశాడు. అరచేతుల్లో పెట్టుకున్నాడు. కళ్ళు సగం మూశాడు. ఎడమవైపు పెట్టాడు. రెండోది కుడివైపు. తర్వాత చేతులు వేగం అందుకున్నాయి. అతను పని చేయడం నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అత్త చేసేదే చేస్తున్నాడు, కాని ఆమె నాలుగు మెట్లలో దిగేచోట అతను రెండు మెట్లలో దిగుతున్నాడు. గోరు తిప్పుతూనే గుండీ నొక్కుతున్నాడు. ఒక్కదాన్ని కూడా మళ్ళీ వెనక్కి తీయలేదు. నుదుటి చెమట గొంగడి మీద పడుతున్నా తుడుచుకోలేదు.

ఒకదాని దగ్గర మాత్రం ఆగాడు. దాని తీగ రంగు వేరుగా ఉంది, చిప్ప మీద ఒక మూల పగులు ఉంది. చూసేవాళ్ళెవరైనా డూప్లికేట్ అంటారు. అన్న దాన్ని చాలాసేపు పట్టుకుని, ఎవరో చిప్ప విప్పకుండానే పాత తీగ కోసి కొత్త తీగ అతికారని, రిమోట్ మాత్రం అసలైనదేనని గొణిగి ఎడమవైపు పెట్టాడు.

అత్త ముందుకు వంగింది. “గదాని మీద నాకే అనుమానముండె” అంది. ఆమె అంత గౌరవంగా మాట్లాడడం నేను శ్రీనాథ్ సార్ ముందు కూడా వినలేదు.

చివరికి ఎడమవైపు తొమ్మిది, కుడివైపు ఇరవై మూడు ఉన్నాయి. అత్త రెండు గుంపులనూ కళ్ళతోనే చూసింది. వేలు పెట్టి ఒక్కటి కూడా అటుదిటు మార్చలేదు.

అప్పుడు అన్న మాట్లాడాడు. మిర్యాలగూడలో మూడు రోజులు తిరిగానని, పార్లర్లు నడిపినవాళ్ళ ఇళ్ళలో ఏదీ మిగల్లేదని, కోదాడలో ఇద్దరు పోయిన నెలే అమ్మేశామన్నారని చెప్పాడు. ముప్పై అంటే ముప్పై ఉండాలనుకున్నాడట. అంగుళం తక్కువైతే వెనక్కి పంపడం అతనికి అలవాటైన సంగతి.

“తొమ్మిదే దొరికినయ్ అత్తా.”

“తొమ్మిది తెచ్చి తొమ్మిదని చెప్తే అయిపోవు అల్లుడా.”

అన్న తలెత్తలేదు. సార్‌తో ఏం చెబుతావని అడగలేదు, చెప్పొద్దనీ అనలేదు. అత్త ఆ తొమ్మిదింటికీ తానే దారం కట్టింది. ఒక్కొక్క ముడి వేసి పళ్ళతో కొరికి తెంపుతుంటే ఆ గదిలో ఆ చప్పుడే వినిపించింది. నేను పొయ్యి మీద పప్పు దించి వచ్చాను. ఎవరూ తినడానికి లేవలేదు. కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, మళ్ళీ వచ్చింది.

నాలుగింటికి ఫోన్ మోగింది. అత్త దాన్ని తీసుకుని వాకిట్లోకి వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. అన్నకు ఎదురుగానే కూర్చుని ఎత్తింది. సార్ క్షేమం అడిగాడు, మామ గొర్రెల సంగతి అడిగాడు. అత్త అన్నిటికీ జవాబు చెప్పింది. తర్వాత అసలు సంగతి అడిగాడు.

“వానికి కన్నున్నది సారూ” అంది అత్త. “నాకున్నంత ఉన్నది. ఇంకో రెండేండ్లయితే నన్ను దాటిపోతడు. నా ముందల ఏరి సూపిచ్చిండు, ఒక్కటి తప్పలే.”

అన్న తల కొద్దిగా లేచింది.  అక్కడితో ఆపినా అది అబద్ధం కాదు.

“కని తొమ్మిదే మంచియి. ఇరవై మూడు డూప్లికేట్లు కలిపి తెచ్చిండు, ఎరికుండే తెచ్చిండు. ఈ ఆదివారం నేను వాన్ని పంపను. నా దగ్గర్నే ఉండనీయండి. పంపేటప్పుడు నేనే మీకు ఫోన్ చేస్త.”

అవతల సార్ ఏదో అన్నాడు, నాకు వినబడలేదు. మంచిది సారూ అని అత్త ఫోన్ పెట్టేసింది. ఆమె గొంతు మారలేదు. ఆమె కట్టే దారాన్ని అంత దూరంలో కూర్చున్న సార్ కళ్ళు మూసుకుని ఎందుకు నమ్ముతాడో అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అవి అన్న కోసమో అత్త కోసమో ఆ క్షణంలో చెప్పలేను.

“లేవండి, అన్నం సల్లారిపోయింది. ప్రశాంతీ, మూడు పల్లేలు పెట్టు” అంది అత్త.

నేను పళ్ళేలు తెచ్చేసరికి అన్న లేచి నిలబడ్డాడు. కుడివైపు ఉన్న ఇరవై మూడింటినీ తాను తెచ్చిన సంచిలో వేశాడు. మూతి బిగించి కట్టాడు. గొంగడిని దులిపి, అత్త మడిచినట్టే నాలుగు మడతలు మడిచి మంచం మీద పెట్టాడు. అత్త అన్నం వడ్డిస్తూ అతని వైపు చూసి, ఆ పళ్ళెం అంచు మీద మామిడికాయ ముక్క కూడా పెట్టింది. అన్న ఆ పళ్ళెం వైపు చూశాడు, దాని ముందు కూర్చోలేకపోయాడు. గడప దగ్గర వంగి చెప్పులు వేసుకున్నాడు. సంచి భుజాన పెట్టుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.